పాట మాది, పేరెవరిది?

ఆదివారం గుడిగంట కొట్టకముందే మా ఇంట్లో పాట మొదలయ్యేది. నాయన డోలక్కు తాళ్ళు బిగించుకుంటూ కూచునేవాడు. చిన్నాయన పాత హార్మోనియం పెట్టె దుమ్ము దులిపేవాడు. అక్క పాటల పుస్తకం తెరిచేది గానీ అందులోకి చూసేది కాదు, అన్నీ నోటికే వచ్చు. నాకు తాళాలు. అమ్మ పొయ్యి ముందు నుంచి లేవకుండానే పల్లవి ఎత్తుకునేది. అమ్మది బండ గొంతు. కూలికి పోయినకాడ ఊరి ఆడోళ్ళు "నీది మగ గొంతేందే" అని నవ్వేవాళ్ళంట. ఆ గొంతు లేకపోతే మా అయిదుగురి పాటా పాటే కాదు.

మాది ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లె. చుట్టుపక్కల పల్లెల్లో ఇంటి కూటాలకి, క్రిస్మస్ కేరల్స్‌కి, పెళ్ళిళ్ళకి, చావులకి మమ్మల్ని పిలిచేవాళ్ళు. పల్లెల్లో మా ఇంటిపేరు ఎవరికీ గుర్తుండేది కాదు, "పాటలోళ్ళు" అనేవాళ్ళు. ఊళ్ళోకి అడుగుపెడితే మాత్రం మాదిగోళ్ళమే. పెద్ద కూటాలకు కరపత్రాలు వేస్తారు గదా. అందులో వాక్యం చెప్పే దైవజనుల పేర్లు పెద్దక్షరాల్లో ఉండేవి. కింద చివర ఎక్కడో "సంగీతం: స్థానిక గాన బృందం" అని ఉండేది. ఆ స్థానిక గాన బృందం మేమే. మూడు రాత్రుళ్ళు గొంతు చించుకుని పాడిన అమ్మ పేరు ఏ కరపత్రంలోనూ నేను చూళ్ళేదు. అప్పట్లో అది లోటని కూడా నాకు తెలియదు.

పాస్టరుగారింట్లో టేప్ రికార్డరు ఉండేది. ఆయన కొడుకు జిమ్ రీవ్స్ క్యాసెట్ పెట్టేవాడు. 1964లో విమానం కూలి చనిపోయిన తెల్ల గాయకుడు జిమ్ రీవ్స్. మన దేశంలో ఇంగ్లీషు వచ్చిన క్రైస్తవుల ఇళ్ళలో ఆయన పాట బాగా వినిపించేది. అమెరికాలో ఆ రకం పాటని "కంట్రీ" అంటారని, అంటే పల్లెటూరి పాట అని ఆ అబ్బాయే చెప్పాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇంత మెత్తటి గొంతులో పల్లెటూరు ఎక్కడుంది? చెమటేది? మొత్తానికి క్రైస్తవ పాట తెల్లోళ్ళదని, మనం అరువు తెచ్చుకున్నామని ఒక అభిప్రాయం నాలో పాతుకుపోయింది. ఊళ్ళోవాళ్ళు మమ్మల్ని వెక్కిరించేదీ ఆ మాటతోనే గదా!

ఆ అభిప్రాయం పగిలింది బి.ఎడ్. హాస్టల్లో. సీనియర్ అన్న ఒకాయన ఓ రాత్రి తన ఫోన్లో ఒక పాట వినిపించాడు. ముందు ఒక గిటారు, నీళ్ళలో నీడ వణికినట్టు వణుకుతూ. తర్వాత ఒక బరువైన గొంతు. "ఎవరన్నా ఇతను?" అన్నాను. అన్న నవ్వాడు. "ఇతను కాదురా, ఆమె. అప్పటికి పదిహేడేళ్ళ పిల్ల" అన్నాడు.

అది 1956లో స్టేపుల్ సింగర్స్ రికార్డు చేసిన "అన్‌క్లౌడీ డే". పాడింది మేవిస్ స్టేపుల్స్. గిటారు వాయించింది వాళ్ళ నాయన. చుట్టూ గొంతు కలిపింది తోబుట్టువులు. ఆ రోజుల్లో ఆ రికార్డు విన్నవాళ్ళు అది మగగొంతేనని పందేలు కూడా కాశారంట. నాకు పొయ్యి ముందు కూచున్న మా అమ్మ కనిపించింది. ఆ రాత్రి నుంచి ఆ కుటుంబం గురించి దొరికిందల్లా చదివాను. బడిలో సాంఘిక శాస్త్రం చెప్పేవాడిని కాబట్టి, నేను చదివిన చరిత్ర ఇక్కడ కొంచెం చెప్పనివ్వండి.

తండ్రి పేరు రోబక్ స్టేపుల్స్. లోకమంతా "పాప్స్" అని పిలిచింది, అంటే నాయన అనే. 1914 డిసెంబరు 28న మిసిసిపీ రాష్ట్రంలో వినోనా దగ్గర పుట్టాడు. పద్నాలుగురు పిల్లల్లో ఆఖరివాడు. వాళ్ళన్న పేరు సియర్స్. సియర్స్ రోబక్ అనేది ఆ రోజుల్లో పోస్టులో సామాన్లు పంపిన పెద్ద వ్యాపార సంస్థ. ఆ సంస్థ పేరును రెండు ముక్కలు చేసి ఇద్దరు కొడుకులకు పెట్టుకున్నారు. మా పల్లెలో పిల్లోళ్ళకి కలెక్టరు, మిలట్రీ అని పేర్లు పెట్టుకున్నట్టే. చేతికందని దాన్ని పేరుగా అయినా ఇంట్లోకి తెచ్చుకోవడం.

ఆ కుటుంబం డాకరీ అనే తెల్ల భూస్వామి పత్తి తోటల్లో పాలుకు సేద్యం చేసేది. బానిసత్వం చట్టంలో 1865లోనే పోయింది. పొలంలో పోలేదు. విత్తనం, ఎరువు, తిండిగింజలు అన్నీ దొర దగ్గరే అప్పు. ఏడాది చివర లెక్క దొర పుస్తకంలోనే. ఆ లెక్కలో నల్లవాడు ఎప్పుడూ బాకీదారే. మా తాత జీతమున్న కాలం కథలు విన్నవాడికి ఇది అనువదించి చెప్పక్కర్లేదు.

ఆ తోటల్లోనే చార్లీ ప్యాటన్ అనే గాయకుడు గిటారు మీద బ్లూస్ వాయించేవాడు. కుర్రవాడైన రోబక్ ఆ వేళ్ళ నడక చూసి నేర్చుకున్నాడు. కానీ బ్లూస్ సైతాను పాట, తాగుబోతుల పాట అని చర్చి పెద్దలు గీత గీశారు. శనివారం రాత్రి పాట వేరు, ఆదివారం పొద్దుటి పాట వేరు. రోబక్ రెండుచోట్లా ఉన్నాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

1936లో ఆయన పత్తి చేలు వదిలి షికాగో చేరాడు. పశువుల్ని కోసే కర్మాగారాల్లో, ఉక్కు మిల్లులో పనిచేశాడు. సాయంత్రాలు ఒక భక్తిగీతాల బృందంలో పాడేవాడు. మిగతావాళ్ళు సాధనకు సరిగా రాకపోయేసరికి విసిగిపోయి ఇంటికొచ్చి, పిల్లల్ని నేలమీద గుండ్రంగా కూచోబెట్టి, చిన్నప్పుడు తన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళతో కలిసి పాడిన గొంతుల్ని ఒక్కొక్కరికీ పంచాడు. పెద్దమ్మాయి క్లియోథా, కొడుకు పర్విస్, చిన్నది మేవిస్, తర్వాత ఇవాన్. 1948లో చర్చిలో మొదటిసారి పాడారు. ఆయన వాళ్ళకు నేర్పిన మొదటి పాట "విల్ ది సర్కిల్ బి అన్‌బ్రోకెన్". చావు వచ్చి తెంపిన కుటుంబ వలయం పరలోకంలో మళ్ళీ కలుస్తుందా అని అడిగే పాట.

ఈ పాట దగ్గర ఇంకో కుటుంబం కథ చెప్పాలి. 1907లో ఈ గీతాన్ని ఏడా హాబర్షన్ రాసింది, చార్లెస్ గాబ్రియెల్ బాణీ కట్టాడు. దీన్నే మార్చి, తల్లి శవయాత్ర పాటగా చేసి, 1935లో కార్టర్ కుటుంబం రికార్డు చేసింది. వర్జీనియా కొండల్లోని పేద తెల్లవాళ్ళు ఈ కార్టర్లు. ఎ.పి. కార్టర్, భార్య సారా, ఆమెకు వరసకు చెల్లెలూ తోడికోడలూ అయిన మేబెల్. 1927 ఆగస్టులో బ్రిస్టల్ అనే ఊళ్ళో పాటకు 50 డాలర్ల చొప్పున మొదటిసారి రికార్డులకు పాడారు. కంట్రీ సంగీతానికి మొదటి కుటుంబం వీళ్ళేనని అమెరికాలో రాస్తారు.

రికార్డు కంపెనీకి ఎప్పటికప్పుడు కొత్త పాటలు కావాలి. ఎ.పి. కార్టర్ కొండలు, లోయలు తిరిగి పాటలు ఏరుకొచ్చేవాడు. ఆయన వెంట ఒక నల్ల మనిషి తిరిగేవాడు. పేరు లెస్లీ రిడిల్. 1905లో పుట్టాడు. సిమెంటు ఫ్యాక్టరీ ప్రమాదంలో ఒక కాలు పోయింది. గిటారు గొప్పగా వాయిస్తాడు. కార్టర్ మాటలు కాగితం మీద రాసుకునేవాడు, రిడిల్ బాణీ గుర్తుపెట్టుకునేవాడు. టేప్ రికార్డరు లేని కాలంలో ఆయన బుర్రే టేప్ రికార్డరు. నల్లవాళ్ళ ఇళ్ళలో, చర్చిల్లో ఉన్న పాటలు దొరికాయంటే ఆయన తోడు వల్లే. తన పాటలూ ఇచ్చాడు. మేబెల్ కూడా ఆయన వేళ్ళు చూసి కొంత నేర్చుకుంది.

కార్టర్లు ఆయన్ని చిన్నచూపు చూశారని నేను అనను. వారాల తరబడి తమ ఇంట్లో ఉంచుకుని అన్నం పెట్టారు. నల్లవాడికీ తెల్లవాడికీ నీళ్ళ కుళాయిలు కూడా వేరు చేసిన రాజ్యంలో అది చిన్న విషయం కాదు. కానీ రికార్డు మీద పేరు? అక్కడ ఎ.పి. కార్టర్ అనే ఉంది. హక్కులూ ఆ పేరు మీదే. పాటల కోసం కొండలెక్కిన ఒంటికాలి మనిషి పేరు దాదాపు నలభై ఏళ్ళు ఎవరికీ పట్టలేదు. 1960ల్లో మైక్ సీగర్ అనే గాయకుడు వెతుక్కుంటూ పోయి ఆయన్ని కలిసి, ఆయన గొంతు రికార్డు చేశాడు. ఆ రికార్డు బయటికొచ్చింది 1993లో. అప్పటికి రిడిల్ లేడు.

ఇది చదివిన రోజు జిమ్ రీవ్స్ గొంతు నాకు వేరేగా వినబడింది. తెల్లోళ్ళ పల్లెపాట అనుకున్నదాని కింద లెస్లీ రిడిల్ లాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో! "స్థానిక గాన బృందం" అనే మాట ఒక్క మా జిల్లాలోనే పుట్టలేదన్నమాట.

ఇక మన పాటల పుస్తకానికి వద్దాం. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు తెరవండి. పాట పైన రాగం, తాళం ఉంటాయి. రాసినవారి పేరు ఉంటుంది. పురుషోత్తమ చౌదరి పేరు ఉంటుంది. ఆయన 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైనవాడు. ఆయన కీర్తనలు గొప్పవి, మా అమ్మకు ప్రాణం. నా ప్రశ్న వేరు. ఆ పుస్తకాన్ని నూరేళ్ళపైగా గొంతులో మోసింది ఎవరు? మాల, మాదిగ పల్లెలు. మా దెబ్బ ఏ తాళం కింద వేశారు? డప్పు ఎక్కడ?

డప్పు మా ఇంట్లో వాసానికి వేలాడుతుండేది. దానికీ ఒక చరిత్ర ఉంది. 1866లో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఒంగోలు వచ్చాడు. ఆయన్ని మా జనంలోకి నడిపించింది యర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారం చేసుకుంటూ, యోగమార్గంలో గురువుగా కూడా ఉన్న మాదిగ. మాదిగలు బడిలోకి రావడంతో బ్రాహ్మణ పిల్లలు ఆ బడి మానేశారు. తర్వాత 1876-78 కరువు వచ్చింది. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని మా జనానికి కూలి చూపించాడు. కరువు తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా తాతకు తాత వాళ్ళలో ఉన్నాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. రాసిపెట్టిన కాగితమేం లేదు, మాటే.

కొత్తగా చేరినవాళ్ళకు మూడు నియమాలు పెట్టారు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. మూడోదానితో పాటు జాతరలో డప్పు కొట్టడమూ పోయింది. ఇందులో విడుదల ఉంది, నేను కాదనను. ఊరి జాతరకు డప్పు కొట్టడం కళ కాదు, వెట్టి. రానంటే ఊరు ఊరుకోదు. డప్పు కొట్టనన్న మాదిగల్ని బావి దగ్గరికి రానివ్వలేదు, కొట్టారు, పనులు మాన్పించారు. అయినా బాప్తిస్మం ఒకరోజు పని, వెట్టి తరాల పని. మా తాత కాలం దాకా అది వదల్లేదు. నాయనకు పదేళ్ళప్పుడు తాత ఊరి పెద్దల ముందు "ఇంక కొట్టనయ్యా" అని చెప్పి వచ్చాడంట. ఆ ఏడు పంటకోతలకి మా ఇంటోళ్ళని ఎవరూ పిలవలేదు. తాత సిర్ర, సిటికెన పుల్ల కట్టగట్టి డప్పుతో పాటు వాసానికి కట్టాడు. మళ్ళీ దించలేదు.

కానీ నాయన చేతుల్లో ఆ దెబ్బ ఉండిపోయింది. డోలక్కు మీద కూడా ఆయన వేసేది డప్పు దెబ్బే. ఒక క్రిస్మస్‌కి డప్పు దించి మంట మీద కాగబెట్టి గుళ్ళోకి తీసుకుపోదామనుకున్నాడు. సంఘ పెద్దలు ఒప్పుకోలేదు. "జాతర వాయిద్యం దేవుడి మందిరంలోకా?" అన్నారు. వాళ్ళూ మాదిగలే. ఊరు మన చేత కొట్టించింది గాబట్టి డప్పే అంటరానిదైపోయింది. నాయన మారుమాట్లాడకుండా తిరిగొచ్చాడు.

సెలవులకు ఇంటికొచ్చినప్పుడు పాప్స్ స్టేపుల్స్ కథ నాయనకు చెప్పాను. సైతాను పాట అన్న ఆ బ్లూస్ గిటారునే ఆయన చర్చిలోకి తీసుకుపోయి దేవుడి పాటకు వాయించాడు నాయనా అన్నాను.

"ఎవురూ ఏమన్లేదా అబ్బయా?"

"అన్నారు నాయనా. అయినా వాయించాడు."

నాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మళ్ళా ఆ పాట పెట్టు" అన్నాడు.

స్టేపుల్ కుటుంబం అక్కడితో ఆగలేదు. 1960ల మొదట్లో మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగం మాంట్‌గోమరీ చర్చిలో విన్నాక, ఆయన చెప్పగలిగింది మనం పాడగలమని పాప్స్ పిల్లలతో అన్నాడు. 1957లో లిటిల్ రాక్ పట్టణంలో తొమ్మిదిమంది నల్ల పిల్లలు తెల్లవాళ్ళ హైస్కూలుకు పోతే మూకలు అడ్డుపడ్డాయి, రాష్ట్ర గవర్నరు సైనికుల్ని పెట్టి గేటు మూయించాడు. ఆ పిల్లల గురించి పాప్స్ ఒక పాట కట్టాడు. నన్నెందుకింత హీనంగా చూస్తున్నారని అడిగే పాట. కింగ్‌కు చాలా ఇష్టమైన పాట అది. తన సభల్లో అడిగి పాడించుకునేవాడు. 1965లో సెల్మా నుంచి మాంట్‌గోమరీకి సాగిన పాదయాత్ర మీద "ఫ్రీడం హైవే" కట్టి షికాగో చర్చిలో పాడారు. పాటకు పేరు వచ్చింది, 1972లో వాళ్ళ పాట అమెరికా మొత్తంలో మొదటి స్థానానికీ పోయింది. ఉక్కు మిల్లు కూలీ కుటుంబం తన పేరుతోనే అక్కడిదాకా నడిచింది. పాప్స్ 2000 డిసెంబరులో చనిపోయాడు.

కింగ్ చెప్పిన మాట ఒకటి టీచరుగా నన్ను వదలదు. 1965 జూలై 4న అట్లాంటాలో తన చర్చిలో చెప్పాడు. 1959లో ఇండియా వచ్చినప్పుడు తిరువనంతపురంలో అంటరాని పిల్లల బడికి పోతే, హెడ్మాస్టరు ఆయన్ని అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడని పిల్లలకు పరిచయం చేశాడంట. మొదట మనసు చివుక్కుమందని, కాసేపటికి అవును, నేను అంటరానివాడినే అనుకున్నానని కింగ్ చెప్పాడు. ఒప్పుకోవడం ఆయనకు బలమైంది. ఈ దేశంలో ఒప్పుకుంటే ఏమవుతుందో చెప్తాను.

1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులస్తుడు కాడంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుణ్ణి చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవుడైన మాదిగ బి.సి.-సి అవుతాడు, వాటా 1 శాతం. బాప్తిస్మం తీసుకుంటే ఊరు మనల్ని బావి దగ్గరికి రానిస్తుందా? అద్దె ఇల్లిస్తుందా? ఊరికి మాదిగే, కాగితానికి మాత్రం కాదు. అందుకే మా పల్లెల్లో ఇంట్లో ఒక పేరు, బడి రిజిస్టర్లో ఇంకో పేరు. ఆదివారం ఒక మనిషి, సోమవారం ఇంకో మనిషి.

నేను డిగ్రీలో ఉండగా ఒక కన్వెన్షన్ వాళ్ళు మొట్టమొదటిసారి మా పేర్లు వేస్తామన్నారు. నాయన సంతోషంగా నలుగురి పేర్లు చెప్పాడు. "పిల్లోడి పేరొద్దు" అన్నాడు. చదువుకునేవాడు, రేపు ఉద్యోగానికి పెట్టుకునేవాడు, ఎవడో ఒకడు ఆ కరపత్రం పట్టుకుపోయి ఎవరి ముందో పెడితే? ఆఖరుకి ఆ నాలుగూ వేయలేదు, మళ్ళీ "స్థానిక గాన బృందం" అనే వచ్చింది. కానీ నాయన నా పేరు తీసేసిన క్షణం నాకు గుర్తుంది. లెస్లీ రిడిల్ పేరు వేరేవాళ్ళు వదిలేశారు. నా పేరు మా నాయనే, ప్రేమతో, భయంతో తీసేశాడు. నా సర్టిఫికెట్ మీద ఏం రాసుందో ఇక్కడ రాయను. రాయలేకపోవడమే నేను చెప్పదలుచుకున్న చరిత్ర.

మొన్నటి ఎండాకాలం అమ్మ పోయింది. పెట్టె లేవదీసే ముందు పాట ఎత్తుకోవాలి, ఎప్పుడూ ఎత్తుకునేది అమ్మే. ఎవరికీ గొంతు రాలేదు. అక్క మొదలుపెట్టి ఆగిపోయింది. అప్పుడు నాయన లోపలికి పోయి వాసం మీది డప్పు దించాడు. వరిగడ్డి మంట వేసి కాగబెట్టాడు. పాస్టరుగారు చూశాడు, ఏమీ అనలేదు. సంఘ పెద్దలూ అనలేదు. ఇంటి దగ్గర నుంచి సమాధుల దాకా నాయన పెట్టె ముందు డప్పు కొట్టుకుంటూ నడిచాడు. ఊరి కోసం కాదు, జాతర కోసం కాదు, తన పెళ్ళాం కోసం. చౌదరిగారి కీర్తన, తాత డప్పు, రెండూ కలిసే పోయాయి. ఎక్కడా తాళం తప్పలేదు.

వచ్చే నెల అమ్మ జ్ఞాపకార్థ కూటం. కరపత్రం రాసింది అక్క. ప్రెస్సుకి పంపే ముందు నాకు చదివి వినిపించింది. "సంగీతం" అని ఉన్నచోట అయిదు పేర్లున్నాయి. మొదటిది అమ్మది. చివరిది నాది.

"నీది ఉంచమంటావా, తీసేయమంటావా?" అంది.

నాయన పక్కనే ఉన్నాడు. ఈసారి వద్దనలేదు. నా మొహం చూస్తూ కూచున్నాడు.

"ఉంచక్కా" అన్నాను.